సద్ది మూట, దుప్పటి మూట

మా జేజికి, అంటే నాయనమ్మకు, చదువు రాదు. కాగితం మీద వేలిముద్ర వేయడమే తప్ప సంతకం చేయడం ఎరగదు. అయినా పిక్నిక్‌కూ టూర్‌కూ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ముందు గుర్తొచ్చేది ఆమె చెప్పిన మాటే.

అది 1976. నేను ఆరో తరగతి. కార్తీకమాసంలో ఒక శనివారం సాయంత్రం బడి విడిచిపెట్టగానే ఇంటికి పరుగెత్తుకొచ్చి, "జేజీ, రేపు మా బడోళ్లంతా పిక్నిక్ పోతాండారు, నేనూ పోతా" అన్నాను. ఆమె వసారాలో కాళ్లు చాపుకుని, చేను నుంచి పెరికి తెచ్చిన సెనక్కాయ చెట్లకు కాయలు తెంపుతోంది.

"పిక్నిక్ అంటే ఏందప్పా? పెద్ద తరగతోళ్లు పోయొచ్చిరే, ఆ టూరేనా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. టూర్ అంటే బస్సు అనీ, పిక్నిక్ అంటే నడక అనీ ఏదో చెప్పబోయాను. ఆమె వినిపించుకోలేదు. తనకు కావలసిన ప్రశ్నలు తనే వేసింది.

"రాత్రికి యాడ పండుకుంటారు?"

"ఇంటికే వస్తాం కదా."

"మరి కూడు?"

"పొద్దునకి సద్ది కట్టుకుపోవల్ల. మధ్యాన్నానికి ఆడే వండుతారంట."

"ఇంతేనా. సద్ది కట్టుకుని పోతే పిక్నిక్కు. దుప్పటి కట్టుకుని పోతే టూరు." మళ్లీ కాయలు తెంపడంలో పడిపోయి, కాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టు ఇంకో మాట అంది. "బీగం ఏసుకుని పోతే సుగ్గి."

బయటి జిల్లాల పాఠకులకు ఆ చివరి మాట విప్పి చెప్పాలి. బీగం అంటే తాళం. సుగ్గి అంటే కోతల కాలం. మా పక్క ఫలానావాళ్లు సుగ్గికి పోయినారంటే, ఊళ్లో పని లేక, ఇంటికి తాళం పెట్టి, ఆలుబిడ్డలతో సహా కోతలున్న చోటికి వలస పోయినారని అర్థం. ఊరు దాటే మనిషి ఏ మూట కట్టుకున్నాడో చూసి ఆమె ప్రయాణాల రకం తేల్చేసింది. అప్పుడు నాకు మొదటి రెండు మాటలే చెవికెక్కాయి. మూడోది అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది.

మా కణేకల్ అనంతపురం జిల్లా పడమటి అంచున, కర్ణాటకను ఆనుకున్నట్టు ఉండే ఊరు. 1953 అక్టోబరు 1 దాకా మా రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో, మా తాలూకా అనంతపురం జిల్లాలో కలిశాయి. జేజి మాత్రం చివరిదాకా "మన జిల్లా బళ్లారే" అనేది. బళ్లారి పోవడం ఆమె లెక్కలో ప్రయాణమే కాదు, సంతకు పోయిరావడం.

జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అదీ అదనుకు పడదు. అయితే మా ఊరికి ఒక అదృష్టం కలిసొచ్చింది. తుంగభద్ర ఎగువ కాలువ 1960ల్లో మా వైపు వచ్చింది. ఎవరూ దాన్ని ఎగువ కాలువ అనరు, హెచ్చెల్సీ అంటారు. ఆ నీళ్లతో మా చెరువు నిండింది, వరి మళ్లు పచ్చబడ్డాయి. ఇంకో పక్క వేదవతి. దాన్ని మేము హగరి అంటాం. కర్ణాటకలో బాబాబుడన్ కొండల దగ్గర పుట్టి, దారిలో వాణీవిలాస సాగరంలో ఆగి, మా జిల్లాలోకి వచ్చాక భైరవానితిప్ప ఆనకట్ట దగ్గర మళ్లీ ఆగి, మమ్మల్ని చేరేసరికి ఆ నదిలో మిగిలేది ఇసుకే. ఆషాఢం గాలికి ఆ ఇసుక లేచి చేల మీద మేట వేసేది. బొమ్మనహాళ్ పక్కన దర్గాహొన్నూరు దగ్గరి ఇసుక దిబ్బలు చూస్తే ఎడారికి వచ్చామా అనిపిస్తుంది. ఇలా ఒక వైపు వరి, ఒక వైపు ఇసుక. కాలువ కింది పిల్లలమూ, హగరి అవతలి మెట్ట ఊళ్ల నుంచి నడిచొచ్చే పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకునేవాళ్లం.

పిక్నిక్ ఎప్పుడూ హగరికే. చెరువుగట్టు దగ్గరే ఉన్నా అక్కడ నీళ్లు లోతని అయ్యవార్లకు భయం. హగరి అయితే ఇసుకలో ఎంత దొర్లినా ఏమీ కాదు. కార్తీకమాసానికి వానాకాలం సెనక్కాయ చేను పెరకడం దగ్గరపడి ఉంటుంది. ఎండ చురుక్కుమనదు. పొద్దున పొలాల మీద సన్నగా మంచు. ఊరి నుంచి బారులు తీరి నడుస్తుంటే, దోవ పక్క చేలవాళ్లు "యాడికి రా అందరూ?" అని అడిగేవాళ్లు. "పిక్నిక్కూ" అని అరిచేవాళ్లం. నడిచే పిల్లల జేబులు ఖాళీగా ఉంటే వాళ్లకు నచ్చదు. ఏ చేను దాటినా రెండు గుప్పిళ్లు పచ్చి సెనక్కాయలు పడేవి.

తెచ్చుకోవలసినవి ముందురోజే చెప్పేవాళ్లు. పొద్దునకు ఎవరి సద్ది వాళ్లది. మధ్యాహ్నం వంటకు తలా పావుసేరు బియ్యం, పిడికెడు బ్యాళ్లు, ఒక ఎర్రగడ్డ, నాలుగు మిరపకాయలు. కట్టెలు అక్కడే ఏరుకోవాలి. నీళ్లు మాత్రం ఎవరూ మోసుకుపోయేవాళ్లు కాదు. నీళ్లు ఇసుకలోనే ఉంటాయి.

చెలిమ తవ్వడం ఇప్పటి పిల్లలు చూసి ఉండరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ముందు ఇసుక రంగు చూడాలి. పైన తెల్లగా పొడిగా ఉన్నా, కాలి మడమతో నొక్కితే కింద కాస్త నల్లగా, చల్లగా తగిలే చోటు ఒకటి దొరుకుతుంది. అక్కడ కూర్చుని రెండు చేతులతో ఇసుక వెనక్కి లాగాలి, కుక్క గుంత తవ్వినట్టు. గుంత మరీ ఇరుకుగా ఉంటే ఒడ్డు విరిగి లోపల పడుతుంది. వెడల్పుగా మొదలుపెట్టి లోపలికి పోయేకొద్దీ సన్నం చేయాలి. మోకాలి లోతు పోయేసరికి అడుగున చెమ్మ మెరుస్తుంది. కాసేపు చేతులు ముడుచుకుని చూస్తూ కూర్చోవాలి. నాలుగు వైపుల నుంచీ నీళ్లు ఊరుతూ, ఊరుతూ, గుంత అడుగున చిప్పెడు చేరతాయి. ఆ మొదటి నీళ్లు బురద. టెంకాయ చిప్పతో తోడి దూరంగా పారబోయాలి. రెండోసారి ఊరినవీ పారబోయాలి. మూడోసారి వచ్చే నీళ్లలో అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టవచ్చు. ఆ నీళ్లు చిప్పతో ముంచుకుని తాగితే నోట్లో ఒక చల్లదనం, కొంచెం మట్టివాసన. ఈ రోజుకీ నాకు అంతకు మించిన నీళ్లు లేవు.

మా సైన్సు అయ్యవారు ఆ చెలిమ పక్కనే కూర్చుని భూగర్భజలం పాఠం చెప్పేశారు. నది పారకపోయినా ఇసుక కింద పారుతూనే ఉంటుందని, ఇసుక నీళ్లను ఎండ నుంచి దాచిపెట్టి వడబోస్తుందని. ఆ తర్వాత ఆ పాఠం పుస్తకంలో మళ్లీ చదివిన గుర్తు నాకు లేదు.

సద్ది విప్పే సమయమే అసలు పిక్నిక్. వరసగా కూర్చోవడం కాదు, మూటలు మధ్యలో పెట్టి చుట్టూ కూర్చోవడం. కాలువ కింది పిల్లల మూటల్లో చిత్రాన్నం, పెరుగన్నం. మెట్ట పిల్లల మూటల్లో జొన్నరొట్టె, ఊరుబిండి, పచ్చిమిరపకాయ కారం. ఏడాదికి పండగలకు మాత్రమే వరన్నం చూసే ఇళ్లవి. నా బల్ల మీద నా పక్కన కూర్చునే పిల్లవాడు హగరి అవతలి ఊరివాడు. వాడి పేరు రాయను. రొట్టె విప్పి సగం విరిచి నా చేతిలో పెట్టి, నా చిత్రాన్నం వైపు చూశాడు. అడగలేదు, చూశాడంతే. ఆ రోజు నా సద్దంతా వాడు తిన్నాడు, వాడి రొట్టె నేను తిన్నాను. ఇద్దరమూ లాభపడ్డామనే అనుకున్నాం.

మధ్యాహ్నం వంటలో ఒక సంగతి జరిగింది. పిల్లలు తెచ్చిన గింజలన్నీ ఒక గోనెపట్ట మీద పోయించారు. బియ్యంతో పాటు కొర్రలూ వచ్చాయి. మెట్ట ఇళ్లవాళ్లను బియ్యం తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తారు? ఉన్నవి పంపారు. వేరువేరుగా వండుదామని ఒక అయ్యవారు అన్నారు. హెడ్మాస్టరు గారు ఆ గుట్టను కాసేపు చూసి, రెండు చేతులతో కలిపేశారు. "ఒకే ఎసట్లో పోయండి" అన్నారు. కొర్రలు, వడ్ల బియ్యం కలిసి ఉడికిన ఆ అన్నం కొంత పలుకు, కొంత మెత్తన, తెలుపులో పసుపు చుక్కలు. పైన పప్పు. ఎవరి గింజ ఎవరి ఆకులో పడిందో తెలియదు. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నదీ ఆ రోజు ఎవరూ అడగలేదు. ఊళ్లో అయితే అడిగేవాళ్లు. ఆ రోజుల్లో మా ఊళ్లో ఎవరి బావి వాళ్లది, ఎవరి తట్ట వాళ్లది. హగరి ఇసుకలో మాత్రం ఆ ఒక్క పూట ఒకే ఎసరు.

పిక్నిక్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో పెద్దయ్యాక చదివాను. ఫ్రెంచివాళ్ల మాటట. మొదట్లో దానికి చెట్లతో, గడ్డితో పనేమీ లేదు. తలా ఒక వంటకం తెచ్చి, అందరిదీ కలిపి తినే విందును అలా అనేవాళ్లు. ఆరుబయట అన్న అర్థం తర్వాత వచ్చి చేరింది. మా హెడ్మాస్టరు గారికి ఫ్రెంచి రాదు. కానీ ఆ మాట అసలు అర్థం గోనెపట్ట మీద రెండు చేతులతో కలిపి చూపించింది ఆయనే. టూర్ కూడా ఫ్రెంచి మాటే, చుట్టు తిరిగి మొదలైన చోటికి రావడం. జేజి చెప్పిన దుప్పటి ఆ తిరగడానికే.

ఈ రెండు మాటలూ రాకముందు మా దగ్గర ఊరు దాటడానికి పేర్లు లేవని కాదు. వనభోజనం, తిరునాళ, పరస, యాత్ర అన్నీ ఉన్నాయి. శ్రావణమాసంలో ఒక శనివారం మురడి, నేమకల్లు, కసాపురం ఆంజనేయస్వాములు ముగ్గురినీ ఒకే రోజు దర్శనం చేసుకుంటే మంచిదని మా పక్క గట్టి నమ్మకం. మా జేజి కూడా వెళ్లొచ్చింది. సద్ది కట్టుకుంది, దుప్పటి కట్టుకోలేదు. "మరి అది పిక్నిక్కేనా?" అని నేను ఆటపట్టించాను. ఆమె కోప్పడింది. "దేవుని దగ్గరికి పోవడానికి ఇంకో పేరెందుకురా" అంది. నిజమే. ఆ లెక్కలో అది ఇమడదు.

యాత్ర అనే మాటకు వస్తే, 1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. తిరిగి ఇల్లు చేరేసరికి 1831 సెప్టెంబరు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర చదివితే, ఆ కాలం యాత్ర ఎంత పెద్ద సంసారమో తెలుస్తుంది. డేరాలు, బోయీలు, వెంట పరివారం. మజిలీ దొరికిన చోటల్లా నీళ్లు చూసుకోవాలి, పొయ్యి పెట్టాలి. అంటే ఏడాదికి పైగా రోజూ వనభోజనమే. ఇంగ్లండులో థామస్ కుక్ 1841 జులై 5న సుమారు 500 మందిని రైలెక్కించి లెస్టర్ నుంచి లఫ్‌బరోకు తీసుకెళ్లాడు. టూరు వ్యాపారానికి అదే ఆరంభమంటారు. మద్యం మానమని చెప్పే సభకు పోయిన జనం, 11 మైళ్ల దూరం, మనిషికి ఒక షిల్లింగు, సాయంత్రానికి తిరిగి ఇల్లు. దుప్పటి అక్కర్లేదు. జేజిని అడిగితే దాన్ని పిక్నిక్ అనే అని ఉండేది.

టూరు సంగతికి వస్తాను. మా ఇంట్లో టూరుకు డబ్బు చేనును బట్టి. చెరువు నిండిందా లేదా అన్నదాంతో పిక్నిక్‌కు పని లేదు, గుప్పెడు గింజలు చాలు. టూరుకు మాత్రం సెనక్కాయ కాయాలి, కాసింది ధర పలకాలి. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఊడలు దిగే అదనులో వాన మొహం చాటేసింది. చెట్టు పీకితే మూడు కాయలు. మా నాయన ఏమీ అనలేదు, టూరు కాగితం మీద సంతకం పెట్టకుండా గూట్లో పెట్టాడు. నేను అడగలేదు. బస్సు బయల్దేరే రోజు చెరువుగట్టు మీదికి పోయి కూర్చున్నాను.

మరుసటేడు కాయ బాగా దిగింది, ధర వచ్చింది. 1979 డిసెంబరు. ఇరవై రూపాయలు కట్టి, జేజి దుప్పటి మడిచి చంకలో పెట్టుకుని బస్సెక్కాను. బొమ్మనహాళ్ మీదుగా బళ్లారి, అక్కడి నుంచి హోస్పేట. తుంగభద్ర డ్యామ్, హంపి. రెండు రాత్రులు.

డ్యామ్ మీద నడిపిస్తూ లెక్కల అయ్యవారు గేట్లు లెక్కపెట్టమన్నారు. 33. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. 1953 నుంచి ఈ డ్యామ్ నీళ్లు ఇస్తోందని, ఇక్కడి నుంచి బయల్దేరిన ఎగువ కాలువే మన కణేకల్ చెరువులోకి వస్తోందని ఆయన చెప్పినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు. మా ఊరి నీళ్లు మా ఊరివి కావు. ఇంత దూరం నుంచి, ఇంత పెద్ద గోడ దాటి, ఇన్ని ఊళ్ల పక్క నుంచి నడిచొస్తున్నాయి. హగరిలో చెలిమ తవ్వి నీళ్ల రుచి తెలుసుకున్నాను గానీ నీళ్ల పుట్టిల్లు తెలియదు. అది టూరు చూపించింది. టూరును నేను తక్కువ చేయను. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయిందని వార్త వచ్చినప్పుడు, ఆ 33లో పందొమ్మిదోది ఏ పక్క నుంచి అని నేను మనసులో వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారూ, ఆయనతో పనిచేసినవాళ్లూ పారే నీళ్ల మధ్యలో తాత్కాలిక గేటు దించిన వారం రోజులూ మా ఊళ్లో ప్రతి అరుగు మీదా అదే మాట.

హంపిలో విరూపాక్షుని గుడి, విఠ్ఠలుని గుడి, రాతిరథం. అప్పట్లో సంగీత స్తంభాలను ఎవరైనా తట్టి వినేవాళ్లు, మేమూ తట్టాం. ఇప్పుడు తట్టనివ్వరు, అది సరైన పనే. రాతిరథం 50 రూపాయల నోటు మీద చూసినప్పుడల్లా, దాని చక్రం పక్కన నిలబడి నేను తిన్న బొరుగులు గుర్తొస్తాయి. నిజం చెప్పాలంటే, ఆ రెండు రోజుల్లో చూసినవి చాలా ఉన్నా, ఎవరితో కలిసి చూశానో సరిగా గుర్తు లేదు. బస్సులో ఎవరి సీటు వాళ్లది, హోటల్లో ఎవరి ప్లేటు వాళ్లది. అయ్యవారు ఈల వేస్తే ఎక్కడం, ఈల వేస్తే దిగడం.

ఒక్కటి మాత్రం బాగా గుర్తుంది. అది టూరులో చూపించినది కాదు.

పోయేటప్పుడు బళ్లారిలో టీకి బస్సు ఆపారు. బస్టాండు పక్క గోడ వారన జనం గుంపుగా కూర్చుని ఉన్నారు. చాపచుట్టలు, మూకుళ్లు, సంగటి కట్టె, కొడవళ్లు గుడ్డలో చుట్టినవి, చంకల్లో పసిపిల్లలు. ఆ మూటల మధ్య నా పక్కబల్ల పిల్లవాడు ఉన్నాడు. ఎనిమిదిలోనే బడి మానేశాడు. ఎందుకు మానేశాడో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. సిరుగుప్ప, గంగావతి వైపు తుంగభద్ర కాలువల కింద వరి కోతలు. వాళ్లు అక్కడికి పోతున్నారు. నేను పరుగెత్తుకుంటూ పోయి "యాడికిరా?" అన్నాను. వాడు నా చంకలో దుప్పటి చూశాడు. బస్సు చూశాడు.

"మేము గూడ టూరే" అన్నాడు.

వాళ్లమ్మ తల పక్కకు తిప్పుకుంది. నా జేబులో బొరుగుల పొట్లం ఉంది. వాడి చేతిలో పెట్టాను. వాడు సగం తీసుకుని, సగం నాకు తిరిగి ఇచ్చాడు. హగరి ఇసుకలో రొట్టె విరిచినట్టే. అయ్యవారు ఈల వేశారు.

తిరిగొచ్చాక జేజికి డ్యామ్ సంగతి చెప్పాను, హంపి సంగతి చెప్పాను. చివరికి వాడి సంగతి కూడా చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "వాళ్ల ఇంటికి బీగం ఏసినారా?" అని మాత్రం అడిగింది. నాకు తెలియదన్నాను. మర్నాడు ఎవరినో అడిగి కనుక్కుంది. వేశారు.

ఆ పిక్నిక్‌లు ఎప్పుడు ఆగిపోయాయో ఒక తేదీ చెప్పలేను. ఏ ఒక్కరి తప్పూ కాదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. మెట్ట ఇళ్లలోకి వరన్నం రోజూ వచ్చింది. అది పేదవాడి కడుపు నింపింది, దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. దాంతోపాటే కొర్రలు చేల నుంచీ, గిన్నెల నుంచీ తప్పుకున్నాయి. గోనెపట్ట మీద కలపడానికి రెండు రకాల గింజ లేకుండా పోయింది. తర్వాత బోర్లు వచ్చాయి, ఎండిపోయాయి, ఇంకా లోతుకు పోయాయి. హగరి ఇసుక ట్రాక్టర్ల మీద ఊళ్లు దాటింది. నది అడుగున బండ తేలిన చోట చెలిమ ఊరదు. ఎన్నో ఏళ్లకు 2022లో వాణీవిలాస సాగరం నిండి పొర్లింది. 1933 తర్వాత మళ్లీ అప్పుడే. ఆ ఏడు హగరి పారడం చూడడానికి జనం పోటెత్తారు, పిల్లల్ని భుజాలెక్కించుకుని చూపించారు. ఒక నది తన దారిలో తాను పారితే అది చూడవలసిన వింత అయింది.

వనభోజనాలు పోలేదు. కార్తీకమాసం వస్తే ఫ్లెక్సీలు కడతారు. కానీ ఆ ఫ్లెక్సీలు చదవండి. ఫలానా కులం వారి వనభోజన మహోత్సవం. కులానికొక తోట, కులానికొక టెంటు, కులానికొక కేటరింగు. వంద రకాల వంటలు ఉంటాయి, బయటి మనిషి ఒక్కడు ఉండడు. ఇది నాకు చాలా బాధ కలిగించే సంగతి. ఉసిరిచెట్టు కింద అందరూ కూర్చుంటే దోషాలు పోతాయని పెద్దలు చెప్పారు గానీ, మనవాళ్లు మాత్రమే కూర్చుంటే పోతాయని ఏ పెద్దా చెప్పలేదు. మా ఊళ్లో ఉసిరిచెట్లు తక్కువ. బడి పిక్నిక్‌లో ఒక ఉసిరికొమ్మ తెచ్చి కానుగచెట్టుకు కట్టేవాళ్లం. అంతా దాని కిందే.

బడులు ఇప్పుడు టూర్లకు పోతున్నాయి, పోవాలి కూడా. బెంగళూరు, మైసూరు, ఊటీ. వాటికి పిల్లవాడికి వేలల్లో ఖర్చు. తరగతిలో కొంతమంది పోతారు, మిగిలినవాళ్లు ఆ మూడు రోజులు బడికి వచ్చి ఖాళీ బల్లల మధ్య కూర్చుంటారు. నేను చెరువుగట్టు మీద కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆ పిల్లల మొహాలు నాకు తెలుసు. టూరు డబ్బున్నవాణ్ణీ లేనివాణ్ణీ విడదీస్తుంది, ఎంత మంచి అయ్యవారున్నా విడదీస్తుంది. పిక్నిక్‌కు ఆ శక్తి లేదు. గుప్పెడు గింజలు తేలేని ఇల్లు ఉండదు, తేలేకపోయినా ఆ ఎసట్లో వాడికి వాటా ఉంటుంది. అందుకే టూరు ఉన్నా పిక్నిక్ ఉండాలంటాను. ఒకటి రెండోదానికి బదులు కాదు.

సుగ్గి మాత్రం ఆగలేదు. బస్సులు మారాయి, ఊళ్లు మారాయి. ఇప్పుడు మా మెట్ట ఊళ్ల నుంచి బెంగళూరు కట్టడాలకూ పోతున్నారు. నా పక్కబల్ల వాడు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు. ఉగాదికి వస్తాడు. వచ్చినప్పుడు ఇద్దరం హగరి దాకా నడుస్తాం. మనవడికి ఈ ఊరు చూపించాలని ఈసారి వెంట తెచ్చాడు. ఆ పిల్లవాడు బెంగళూరులోనే పుట్టి పెరిగినవాడు. హగరిలో దిగి, "తాతా, బీచ్‌కి వచ్చామా?" అని అడిగాడు. మేమిద్దరం మొహాలు చూసుకుని, ఇంకేమీ చెప్పకుండా ఇసుకలో కూర్చుని చెలిమ తవ్వడం మొదలుపెట్టాం.

కణేకల్ చుట్టుపక్కల బడుల్లో పనిచేసే అయ్యవార్లకూ, పంతులమ్మలకూ ఒక మాట చెప్పుకుంటాను. ఈ కార్తీకంలో ఒక ఆదివారం పిల్లలందరినీ నడిపించుకుని హగరికి రండి. ఫీజు పెట్టకండి, బస్సు మాట్లాడకండి. తలా గుప్పెడు గింజలు తెమ్మనండి, ఏ గింజైనా సరే. నీళ్లు మోయించకండి. ఏ చోట ఇసుక ఇంకా చల్లగా ఉందో నాకు తెలుసు, వచ్చి చూపిస్తాను. ఉగాదినాడు మేము తవ్వితే మోకాలి లోతులో దొరకలేదు. నడుం లోతు పోయాక ఊరింది.